నీలం చుక్క

పోలీసుల మెడలు వంచి ఆ నేరాల మ్యాప్‌ను జనం ముందు పెట్టించింది కాలనీ సంఘం అధ్యక్షులవారే. అబ్బో, ఆయన పట్టుదల అంతా ఇంతా కాదు.

"ఏ వీధిలో ఏ నేరం జరిగిందో మాకు తెలియాలి. దాచడానికి వాళ్లెవరు? లెక్క చెప్పాల్సిందే!" అని కమిషనర్ గది ముందు బైఠాయించి మరీ సాధించారు.

ఇక రోజూ పొద్దున్నే కాఫీ, ఫోను, మ్యాప్. దొంగతనానికి ఎర్రచుక్క. కొట్లాటకు పసుపు. మొగుడు కొట్టాడని ఫిర్యాదొస్తే నీలం.

"వెనక వీధిలో ఎర్రచుక్కే! ఆ మందుల షాపాయన తాళం సరిగ్గా వేసి చస్తేగా" అని భార్యకు వినిపించి నవ్వేవారు. తమ వీధిలో మాత్రం ఒక్క చుక్క పడలేదు. అదే మాట మీటింగుల్లో గొప్పగా చెప్పుకునేవారు.

ఆ రోజు కాఫీ సగంలో ఆగిపోయింది.

"మన వీధిలో నీలం చుక్క!"

"ఎవరబ్బా?" అంది ఆవిడ వంటింట్లోంచి.

"అదే చూస్తున్నా. టైలరమ్మ మొగుడు పోయి ఏళ్లయింది. ఎదురింటి అన్నదమ్ములకి పెళ్లిళ్లే కాలేదు. మూలింటికి తాళం."

ఆ వీధిలో ఉన్నవి నాలుగిళ్లు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"నేను కాదండీ."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

"మా అమ్మ మీద ఒట్టు. ఇన్నేళ్లలో ఒక్క మాట గడప దాటించానా? మొన్న చెయ్యి విరిగితే కూడా బాత్రూంలో జారానన్నా కదండీ. డాక్టరు నమ్మాడు కూడా."

"నిప్పు లేందే పొగ రాదు."

అధ్యక్షులవారు లేచి కిటికీలు మూశారు. టీవీ సౌండు పెంచారు. వాచీ విప్పి జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

"నా పరువు తీశావు కదే. ఇప్పుడు లెక్క చెప్పు."

ఈసారి జారిపడిందంటే ఆసుపత్రిలో డాక్టరమ్మ నమ్మలేదు. తలుపేసుకుని ఎవరికో ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దుటికీ ఆవిడకు స్పృహ రాలేదు. బయట బెంచీ మీద కూర్చుని అధ్యక్షులవారు అలవాటు కొద్దీ మ్యాప్ తెరిచారు. కొత్తగా ఇంకో నీలం చుక్క. గబగబా మ్యాప్‌ను పెద్దది చేశారు. తీరా చూస్తే అది వెనక వీధిలో ఉంది. హమ్మయ్య అనుకున్నారు.

అంతలో కానిస్టేబుల్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"స్టేషన్‌కి పదండి సార్. మీ మీద కేసయింది."

"నా మీదా? కళ్లు పెట్టి చూడవయ్యా, చుక్క వెనక వీధిలో ఉంటేనూ!"

"బయటికి చెప్పం గానీ సార్, ఫిర్యాదు చేసిన ఆడమనిషికి ఇంట్లో ముప్పు రాకూడదని, నీలం చుక్కని మాత్రం ఎప్పుడూ పక్క వీధిలోకి జరిపే పెడతాం."