పుల్లయ్య వసంతం

1949 మాఘంలో మిర్యాలగూడ బియ్యం మిల్లు యజమాని పుల్లయ్య, ఆండాళమ్మ మనవరాలిని పెళ్లిచూపులు చూడటానికి సూర్యాపేట వచ్చాడు. అతనికి అరవై రెండేళ్లు. మూడో భార్య పోయి ఆరు నెలలైంది.

“మనిషి బతుకు రుతువుల లెక్కనే ఆండాళమ్మా. ఆకులు రాలినయని చెట్టు సస్తదా? నాకు మళ్ల వసంతమొచ్చింది” అన్నాడు, రంగేసిన మీసం దువ్వుకుంటూ.

“మంచిగైంది సేటూ. మా ఆయన పోయి పదేండ్లాయె. నేను నీకన్న రెండేండ్లు చిన్నదాన్నే. నన్ను చేసుకో” అంది ఆండాళమ్మ.

పుల్లయ్య మొహం కందగడ్డయింది. “ముసలిదానివి! సిగ్గు లేదా?”

“ఉన్నది. గందుకే నాకు వసంతం రాలే. ఇగ లేసి నడువు.”

అతను వెళ్లాక ఆండాళమ్మ లోపలికి వెళ్లి మనవరాలి పట్టుచీర విప్పించి లంగా తొడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల పలక పట్టుకుని బడికి పరుగెత్తింది.