పదిహేను నిమిషాలు

“దేశమంతా ఒకటే టైము. మీ షెడ్డుకు వేరేదా?”

లేబర్ ఇన్‌స్పెక్టర్ హిందీలో గద్దిస్తూ తన చేతి గడియారం చూపించాడు. అందులో ఆరయింది, పని దిగే వేళ. మగ్గాల షెడ్డు గోడ గడియారం మాత్రం పావు తక్కువ ఆరు చూపిస్తోంది.

మేస్త్రీ మార్కండేయ ఒప్పుకున్నాడు. “సేఠ్ చెప్పిండు సాబ్. రోజూ మధ్యాహ్నం ఎనకకు తిప్పుత, పొద్దుగాల సరిచేస్త.”

ఇన్‌స్పెక్టర్ రాసుకుని వెళ్లిపోయాడు. కండెలు చుట్టే పద్మారాణి మాత్రం కదల్లేదు.

“రోజూనా అన్నా?”

“అవ్ చెల్లె.”

“మా బిడ్డ రుచిత పరీక్ష ముందురోజు మా ఇంట్ల గడియారం ఆగింది. సాయంత్రం ఇక్కడి టైము చూసుకొని పోయి, తిప్పి పెట్టిన.”

మార్కండేయకు గుర్తొచ్చింది. గేటు వేశాక చేరిందని ఆ పిల్లను పదో తరగతి లెక్కల పరీక్షకు రానివ్వలేదు. “ఆడపిల్లకు గంత నిర్లక్ష్యమా?” అని నలుగురిలో అన్నది తనే.

“సోకులు చేసుకుంట లేటు చేసినవని కొట్టిన అన్నా. టైముకే ఎల్లిన్నని ఎంత ఏడ్సినా ఇనలే.”

“నన్ను తిట్టు చెల్లె.”

“తిడితే ఏమొస్తది? ఇంటికొచ్చి దానికి నీ నోటితోని చెప్పు. నాకైతే మొఖం చెల్లది.”

ఆమె వెనకే నడిచాడు. తెలుగువాళ్లుండే లింబాయత్ గల్లీలో ఎవరు పలకరించినా మార్కండేయ తలెత్తలేదు.