తోడుండే అక్క

పెనుకొండ బస్టాండులో గంగరత్న అనే అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఒడిలో పాస్‌పోర్టు, కాళ్ల దగ్గర కొత్త సంచి.

"సార్, ఎయిర్‌పోర్టుకు పొయ్యే బస్సు ఈడే నిలుస్తాదా?"

"ఇక్కడే. ఏ దేశమమ్మా?"

"కువైట్, ఇంటిపనికి. మాయమ్మ ఒకటే ఏడుపు. నాకేం భయం సార్, ఆడ తోడుండాది." ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. "ఈ యక్క నేను పొయ్యే ఇంట్లోనే చేస్తాండాదంట. కొత్త పిల్లను బిరీన పంపు అని మొన్న గూడా ఏజెంటుకు చెప్పిందంట. చూడు సార్, ఎంత బొద్దుగా ఉండాదో! ఆడి తిండికి నేనూ ఇట్లే అయితానేమో."

ఆకుపచ్చ ధర్మవరం చీర. ఫోటో నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

బస్సు వచ్చింది. ఆమె లేచేలోగా సంచి గట్టిగా పట్టుకున్నాను.

"ఏమప్పా, వదులు! జనాన్ని పిల్చమంటావా?"

"పిలువు. ఆ ఫోటో హిందూపురం స్టూడియోలో నేనే తీయించానమ్మా, ఏజెంటుకు ఇవ్వడానికి. ఆమె నా భార్య. ఉగాదికి ముందు ఆ ఇంటి నుంచే శవపెట్టెలో వచ్చింది. ఒళ్లంతా వాతలు."

గంగరత్న మెల్లగా కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది. ఫోన్ మోగితే, స్పీకరు నొక్కింది. ఏజెంటు గొంతు హుషారుగా ఉంది.

"బస్సెక్కినావా పాపా? అక్క నీకోసం ఎదురుచూస్తాండాది."