రెండు వందల పధ్నాలుగో పిల్లాడు

తప్పు దొరికింది. అట్టపెట్టె అడుగున పడున్న పాత రిజిస్టర్లో, మూడో పేజీలో.

ఉదయలక్ష్మి ఆ పేజీ మీద వేలు పెట్టి, తియ్యడం మర్చిపోయి కూర్చుంది.

పిల్లల అలర్జీల మీద రెండు సర్వేలు జరిగాయి. ఒకటి నల్గొండ వైపు, ఒకటి తెనాలి వైపు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లల్ని ఏటేటా చూస్తూ వచ్చారు. రెండింటి వివరాలనూ ఒకే పట్టికలో కలపడం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ ఆఫీసు పని. ఒకరు పల్లీలని రాస్తే ఇంకొకరు వేరుశనగలని రాశారు. ఒకరు వయసు నెలల్లో రాస్తే ఇంకొకరు ఏళ్ళల్లో రాశారు. అవన్నీ సర్దుకోవచ్చు. కానీ రెండు చోట్లా పిల్లలకు నంబర్లు ఒకటి నుంచే వేశారు. మూడేళ్ళ కిందట తొలిసారి కలిపిన మహానుభావుడెవరో అది చూసుకోలేదు. మిగతావాళ్ళు పుట్టిన తేదీల తేడాతో విడిపోయారు గానీ, తేదీ కూడా ఒకటే అయిన ఇద్దరు 214ల రక్తపరీక్షలూ తారుమారయ్యాయి. ఆ ఫలితాలే ఉత్తరాలై ఇళ్ళకు వెళ్ళాయి.

"నల్గొండ పిల్లాడికి పల్లీలు తింటే ప్రాణం పోతుందని రాశారు. వాడికి ఏ అలర్జీ లేదు. తెనాలి పిల్లాడికి ఉంది. ఏమీ లేదని రాశారు," అంది ఉదయలక్ష్మి.

బాపిరాజు గారికి చెమటలు పట్టాయి. ఆఫీసుకు పెద్ద ఆయనే. "ముందు ఆ తెనాలి వాళ్ళకు ఫోన్ కొట్టండమ్మా! అసలు ప్రమాదం వాళ్ళకు కదా!"

"వాళ్ళకు తెలుసండి."

"అప్పుడే చెప్పేశారా? బతికించారు."

ఆమె బల్ల కింద చెప్పులు వెతుక్కుంటోంది. "నల్గొండ వాళ్ళు ఇప్పుడు మన్సూరాబాద్‌లో ఉంటున్నారు. ఫోన్ పనిచెయ్యడం లేదు. వెళ్ళొస్తాను."

"ఇవాళా? తెలంగాణ కోసం సమ్మె, బంద్! రోడ్డు మీద సైకిలు కూడా లేదు. అన్నీ సర్దుకున్నాక మంచి ఉత్తరం రాద్దాం. పల్లీలు తినకపోతే ఎవరూ చచ్చిపోరమ్మా."

బాపిరాజు చెడ్డవాడేం కాదు. పైవాళ్ళకు ఏం చెప్పాలో తెలీక అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాడు పాపం. బళ్ళో లెక్కల టీచరుగా ఉన్న మనిషి, అది మానేసి ఈ చిన్న ఉద్యోగానికి ఎందుకు పట్టుబట్టి చేరిందో కూడా ఆయనకు ఎనిమిది నెలలుగా అర్థం కాలేదు.

ఆమె నడిచింది. చైతన్యపురి, కొత్తపేట, అన్నీ మూసిన షట్టర్లే. ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. జనం మధ్య నుంచి అటు పోవడానికి దారి లేదు, వెనక్కు తిరగడానికీ లేదు. ఒకాయన విస్తరాకు అందించాడు.

"తినుండ్రి అక్కా. పులిహోర. పల్లీలు బాగ ఏసినం."

ఆమె రెండడుగులు వెనక్కు వేసింది. "వద్దండీ... మన్సూరాబాద్ వెళ్ళాలి. ఒక పిల్లాడి సంగతి చెప్పాలి."

ఆమె కోస్తా యాస ఏ జిల్లాదో అక్కడ తెలియనివాళ్ళు లేరు. ఆయన ఒక్క క్షణం చూసి, "పోనియ్యుండ్రిరా! పిలగాని పనట. దానికి బంద్ ఏంది?" అని కేకేశాడు. దారి దొరికింది.

మన్సూరాబాద్‌లో ఆ ఇంటి గ్రిల్లుకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. ఐదేళ్ళ బాబు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"బంద్ కదా, అందుకేనా తాళం?" అని అడిగింది.

"అమ్మ రోజూ బంద్ పెడ్తది," అన్నాడు వాడు.

తల్లి అరుణజ్యోతి వచ్చి తాళం తీసింది. ఉదయలక్ష్మి నిలబడే విషయమంతా చెప్పింది. రెండు ఊళ్ళు, రెండు 214లు, తారుమారైన కాగితాలు. అరుణజ్యోతి గోడకు ఆనుకుని కింద కూలబడిపోయింది.

"మూడేండ్లు మేడం! పెండ్లికి పోలే, పేరంటానికి పోలే. మా అమ్మగారింట్ల పల్లిచేను ఉన్నదని ఆడికి గూడ తోల్కపోలే. వేరే పిల్లల డబ్బాలల్ల ఏముంటదోనని బడి మాన్పిచ్చిన. ఎవలన్న చాక్లెట్ ఇస్తె వీని నోట్ల ఏలు పెట్టి తీసిన. గిదంత ఉత్తదేనా?"

"ఉత్తదే. ఇంక ఏదైనా తినొచ్చు. బడికి పంపించు. అమ్మమ్మ దగ్గరకు పంపించు."

అరుణజ్యోతి ఏడుస్తూనే నవ్వింది. కొడుకును గుంజుకుని ఒళ్ళో కూచోబెట్టుకుని, ఎన్ని ముద్దులు పెట్టిందో లెక్కలేదు. ఉదయలక్ష్మి కళ్ళు తిప్పుకోకుండా చూసింది. ఆరు కిలోమీటర్లు నడిచొచ్చింది ఆ కాస్త చూడటానికే.

ఉన్నట్టుండి అరుణజ్యోతి ముఖం మారిపోయింది.

"మరి గా రెండో పిలగాడు? ఆనికి ఏం లేదని రాసిన్రు గద! ముందుగాల వాళ్ళింటికి ఉరకాలె గని, మా ఇంట్ల నిలవడ్డరేంది మేడం?"

"ఆ ఉత్తరం వచ్చింది మా ఇంటికే తల్లీ," అంది ఉదయలక్ష్మి, "అది నమ్మి నా చేత్తో వేరుశనగ ఉండ తినిపించాక, మా బాబు మళ్ళీ లేవలేదు."