ఎవరు నేర్పిండ్రు?

జహనుమా చర్చిలో ఉపవాస ప్రార్థన ముగియగానే ఆడవాళ్లంతా బుచ్చమ్మ చేతి కింద తల పెట్టడానికి ఎగబడ్డారు. ఇరవై ఏళ్లుగా ఆ ప్రార్థన నడిపిస్తున్న కళావతి దగ్గరికి ఒక్కరూ రాలేదు. ఆమెకు కడుపు మండిపోయింది. పాలమ్ముకునే బుచ్చమ్మ బాప్తిస్మం తీసుకుని ఆర్నెల్లే. బైబిలు చదవడమైనా రాదు.

"ఏందే నీ లొల్లి? దేవునికి చెవుడా? గట్ల నేల మీద పడి ఏడ్సుడు ఎవరు నేర్పిండ్రే నీకు?"

"నువ్వే గదక్కా," అంది బుచ్చమ్మ. "మా సాయి జరమొచ్చి సోయి లేకుండ పడ్డప్పుడు, మా బర్రెల కొట్టం ముంగట బోర్ల పడి సొంత కొడుక్కే అయినట్టు ఏడిస్తివి. నాకొచ్చింది గా ఒక్క ప్రార్థనే."

"ఎప్పుడే అది?"

"పన్నెండేండ్లాయె. మా ఆయన బాప్తిస్మానికి ఒప్పుకునేసరికి గిన్నేండ్లు వట్టె."

ఆ రోజు తర్వాత మళ్లీ ఎవరి కోసం అలా ఏడ్చిందో కళావతికి ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. కడుపుమంట చల్లారలేదు. అది బుచ్చమ్మను వదిలి, ఆ కొట్టం ముందు పడి ఏడ్చిన ఆనాటి కళావతి మీదికి మళ్లింది.

ఆమె వచ్చి బుచ్చమ్మ ముందు మోకాళ్లూనింది. బుచ్చమ్మ కంగారుగా చెయ్యెత్తింది.

"చెయ్యి వద్దే. ఆ దినం నేనేమని ఏడ్సిన్నో, జర చెప్పు."