నీళ్లు ఎటు పోయాయి?

బురుల్ కుర్చీలో మళ్లీ ఆ ముసలాయనే కూర్చున్నాడు.

ఒళ్లో ఎవరివో కాగితాలు. చేతిలో పెన్సిల్. వీపు గోడవారన గదిని వెచ్చబరిచే వేడినీళ్ల గొట్టానికి ఆనించి చదువుకుంటున్నాడు.

"ఆక్సకల్, మీ గది ఆ చివర కదా?"

"అక్కడ గొట్టం చల్లబడిపోయింది తల్లీ. దానికీ నా వయసే."

అందరూ ఆక్సకల్, అంటే పెద్దాయన, అని పిలిచే జుమాదిల్ లేచాడు. కాగితాలు చంకలో పెట్టుకుని, తెల్ల టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

బురుల్ కూర్చోలేదు. కిటికీ తెరిచింది. మూసింది. పోసుకున్న టీ తాగకుండానే చల్లారింది.

బిష్కెక్‌లోని ఆ పరిశోధన సంస్థలో ఆ ఉదయం సభ. ఎవరు ఎన్ని పేపర్లు రాశారు, వాటిని లోకంలో ఎందరు ఉటంకించారు అని చూసి, తక్కువ ఉన్నవాళ్లను తీసేయాలని కొత్త నిబంధన. అందరికంటే తక్కువ జుమాదిల్‌కే. ఎప్పుడో రష్యన్‌లో రాసినవి కంప్యూటరు లెక్కలోకి రావు.

"నీకేం ఎజె, అక్కా!" అంది పక్క బల్ల దగ్గరి మీరిమ్, నూనెలో వేయించిన బోర్సోక్ ముక్క నములుతూ. "మంచుకొండలు, అక్రోటు అడవులు, పచ్చిక మైదానాలు. దేని మీద రాసినా నీ పేరే చెప్పుకుంటారు."

"ఊరికే వచ్చిందా? ఏ జర్నల్‌కి పంపినా ఒక రాక్షసుడు. 'లెక్క బాగుంది. కానీ నీళ్లు ఎటు పోయాయి?' అడవి పేపరుకీ అదే ప్రశ్న, పచ్చిక పేపరుకీ అదే. మళ్లీ మళ్లీ కొండలెక్కించారు నాచేత."

"ఎవరో కనుక్కోలేకపోయావా?"

"పేపరు చదివి తప్పులు పట్టేవాళ్లు పేరు చెప్పకూడదు. అది కట్టుబాటు. నేను తిట్టిన తిట్లు మా అమ్మ వింటే వాతలు పెట్టేది."

"అలా తిప్పి పంపినవే కదా ఇప్పుడు అందరూ ఉటంకిస్తున్నది!"

బురుల్ చల్లారిన టీ పక్కకి జరిపింది.

"ముసలాయన సంగతేంటి ఎజె? నువ్వు ఎటు చెయ్యెత్తితే మిగతావాళ్లూ అటే. ఆయనకి ఇంటి దగ్గర ఎవరూ లేరట. ఈ సంస్థే ఆయనకి ఇల్లు."

"నేనేం చెయ్యను? పొద్దస్తమానం పరాయివాళ్ల కాగితాలు చదువుతాడు. తనది ఒక్కటీ రాయడు."

సభలో డైరెక్టర్ అడిగాడు.

"ఏమైనా చెప్పుకుంటారా, ఆక్సకల్?"

జుమాదిల్ లేచి నిలబడ్డాడు.

"చదవాల్సినవి ఇంకా ఉన్నాయి."

ఎవరో నవ్వారు. ఆయన కూర్చున్నాడు.

తీసేయమని బురుల్ చెయ్యెత్తింది. కాసేపు ఆ ఒక్క చెయ్యే. తర్వాత అన్నీ లేచాయి.

మధ్యాహ్నం ఆయన ఆమె గదికి వచ్చాడు.

"పెన్సిల్ మర్చిపోయాను తల్లీ."

బురుల్ ముఖం తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

గోడ మీద ఆమె కొత్త పేపరు కోసం గీసిన పటం వేలాడుతోంది. ఇంకా ఎవరికీ పంపలేదు, ఎవరికీ చూపించలేదు. జుమాదిల్ దాని ముందు ఆగాడు. చాలాసేపు చూశాడు.

"మంచు కరిగింది. కింద చెలమలు ఎండిపోయాయి. లెక్క బాగుంది."

పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

"కానీ తల్లీ, నీళ్లు ఎటు పోయాయి?"

బురుల్ గిరుక్కున తిరిగి గుమ్మంలోకి వచ్చేసరికి, అడవిలోకీ పచ్చికలోకీ తనను వెనక్కి పంపి ఇంతదాన్ని చేసిన ఆ పేరులేని మనిషి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోతున్నాడు.