ఒక్కొక్క దెబ్బ

"ఇంకొక్కటి, ఆశన్నా. మోత పూర్తిగా ఆగేదాకా కదలొద్దు."

రికార్డింగు గది అద్దం అవతల నుంచి సౌండు ఇంజనీరు నరేంద్ర చెయ్యి ఎత్తాడు. ఆశన్న కర్రను స్నేర్ డ్రమ్ము నడుమ ఒక్కసారి వేసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని పొద్దున్నే ఆపేశారు. చెమట కంట్లోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"పలచగా ఉంది," అన్నాడు నరేంద్ర హెడ్‌ఫోన్‌లో.

ఆశన్న తన మణికట్టు వైపు చూసుకున్నాడు. చిక్కడపల్లి సందులోని ఈ స్టూడియోలో పదకొండేళ్లుగా క్యాసెట్లకు డ్రమ్స్ వాయిస్తున్నాడు. ఒకప్పుడు వారానికి నాలుగు పాటలుండేవి. ఇప్పుడు కబురు రావడానికే నాలుగు నెలలు పట్టింది. యాభైకి దగ్గరపడిన తన మణికట్టు మీదే అతనికి అనుమానం.

"చెయ్యి సక్కగ పడ్తలేదా సార్? జర గట్టిగ కొట్టాల్నా?"

"మీ చేతిలో లోపం లేదు. మైకుదే."

నరేంద్ర లోపలికి వచ్చాడు. డ్రమ్ము అంచుకు రెండు వేళ్ల ఎత్తున ఉన్న మైకును వంచి నడుముకు గురిపెట్టాడు. అడుగున బిగించిన తీగెల గలగల కోసం కింద ఇంకో మైకు పెట్టాడు. మూడోది తలకు పైన, గది మోత పట్టడానికి. అంచున మిగిలిపోతున్న ఖంగుమనే మోతను చంపడానికి తన జేబురుమాలు మడిచి ప్లాస్టరుతో అంటించాడు.

అతను అద్దం అవతలికి వెళ్లాక మళ్లీ దెబ్బ. ఈసారి ఇంకా నీరసంగా వినిపించింది. నరేంద్ర తన ముందున్న మిక్సింగ్ బోర్డు మీద ఒక మీట నొక్కాడు. అదే దెబ్బకు ఒక్కసారిగా ఒళ్లు వచ్చింది. ఛాతీలో తగిలింది.

"ఏం చేసిన్రు సార్?"

"పై మైకు, కింద మైకు ఎదురుబొదురుగా వింటాయి. కలిపితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. కిందదాని సౌండును మీటతో తిరగేశాను, అంతే."

"గింత కథ ఉన్నదా దీంట్ల! మరి పాటెప్పుడు సార్?"

"ముందు సౌండు కుదరాలి. అది ఒక్కొక్క దెబ్బలోనే తెలుస్తుంది."

సాయంత్రం దాకా అదే పని. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి. నడుమ, అంచున, ఇనుప చుట్టు మీద. మధ్యాహ్నం నరేంద్ర తన క్యారియర్‌లోంచి పులిహోర తీసి ఆశన్నకు పెట్టాడు. పదకొండేళ్లలో ఎప్పుడూ అలా పెట్టలేదు. తను మాత్రం సరిగా తినలేదు.

ఆఖరి దెబ్బ అయ్యాక డ్రమ్మును సంచిలో పెట్టడానికి సాయం చేస్తూ, నరేంద్ర తల ఎత్తకుండా అన్నాడు.

"ఈ ఊళ్లో ఇలాంటి దెబ్బ ఇంకెవరికీ పడదు, ఆశన్నా. ఇక ఇది ఎక్కడికీ పోదు."

అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో ఆ రాత్రి భార్య మాసమ్మ రొట్టెలు కాలుస్తుంటే ఆశన్న పొయ్యి దగ్గరే కూలబడ్డాడు.

"ఒక్క డ్రమ్ముకు మూడు మైకులే! పొద్దంత నా దెబ్బ మీన్నే కూసున్నడు సారు. ఊకెనే చేస్తరా గట్ల?"

"పాటేం పాట?"

"పాట కాలే ఇంక. పెద్ద పనే ఉన్నట్టున్నది."

"మరి చెప్పలేదా ఎప్పుడు పిలుస్తడో?"

"పిలుస్తడు తియ్యే," అన్నాడు కసురుతున్నట్టు. చాన్నాళ్ల తర్వాత అతను రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు నారాయణగూడ నుంచి బ్యాండు మేళం మేస్త్రీ పెద్దులు వచ్చాడు. స్టూడియో పనిలేని నెలల్లో ఆశన్న అతని మేళంలోనే పెళ్లిళ్లకు వాయించేవాడు.

"లగ్గాలు షురువైతున్నయిరా. రెండు నెల్లు తీరిక లేదు. వస్తున్నవ్ గదా?"

"ఈపాలి నాతోని కాదన్నా. స్టూడియోల పని పడ్డది. ఎప్పుడు పిలుస్తరో తెల్వది."

"వేరేటోన్ని తీస్కుంటే మళ్ల తీసెయ్యరాదురా. ఆలోచించుకో."

ఆశన్న మేకుకు వేలాడుతున్న మేళం ఎర్ర కోటు తీసి, దుమ్ము దులిపి, పెద్దులు చేతిలో పెట్టాడు. మాసమ్మ గడపలోనే నిలబడి చూసింది.

వారం గడిచింది. రెండు వారాలు. కిరాణా కొట్టుకు ఫోను వచ్చిందేమోనని రోజుకు రెండుసార్లు వెళ్లి అడిగేవాడు. ఒక సాయంత్రం నారాయణగూడ చౌరస్తాలో పెళ్లి ఊరేగింపు ఎదురైంది. ఎర్ర కోటు వేసుకుని ఎవరో కొత్తవాడు డ్రమ్ము వాయిస్తున్నాడు. తాళం తప్పుతున్నాడు. పెద్దులు చూసి తల తిప్పుకున్నాడు. ఆశన్న హోటలు పక్క గోడకు జరిగి ఊరేగింపు పోయేదాకా నిలుచున్నాడు.

నెల నిండిన రోజు ఇక ఆగలేకపోయాడు. డ్రమ్మును మంచం కిందే వదిలి, ఉతికిన చొక్కా వేసుకుని, చిక్కడపల్లికి నడిచాడు.

స్టూడియో మెట్లు సగం ఎక్కేసరికి ఆగిపోయాడు.

పైన స్నేర్ మోగుతోంది. తన స్నేరే. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు, అది తన చేతి దెబ్బే. ఆనాటి టేపు పెట్టుకుని వింటున్నారనుకుని మొహం విప్పారింది. రెండు మెట్లు గబగబా ఎక్కాడు.

కానీ అక్కడ ఒక్కొక్క దెబ్బ కాదు, పాట నడుస్తోంది. ఎవరో ఆడమనిషి గొంతు, పక్కన వయొలిన్లు. ఆ పాటను ఆశన్న ఎప్పుడూ వినలేదు. వినని పాటను వాయించలేదు. అయినా ప్రతి చరణం చివరా తన దెబ్బ తాళం తప్పకుండా పడుతోంది.

తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆశన్న తోశాడు.

లోపల నరేంద్ర ఒక్క వేలితో, ఆనాటి దెబ్బలు నింపుకున్న కీబోర్డు మీద, ఆశన్న డ్రమ్మును వాయిస్తున్నాడు.